తన మనస్సును తాను చదివిన ఆచార్యుడు విలియం జేమ్స్

ఇతరుల స్వభావమును కనిపెట్టుట మనుష్యునకు సులభము. పొరుగువాని కోపమునకు, బంధువు పిసినారితనమునకు, విద్యార్థి సోమరితనమునకు కారణములు మనము క్షణములో చెప్పగలము. తన కోపము ఏ వేళ ఎట్లు పుట్టునో, తన దిగులు ఏ త్రోవను వచ్చి మనస్సున కూర్చుండునో కనిపెట్టుట మాత్రము మిక్కిలి కష్టము. కనిపెట్టినను అంతమాత్రమున క్షేమము కలుగునని చెప్పుటకు వీలులేదు. తన్ను తాను త్రవ్వికొనుచు ఆ గోతిలోనే పడి లేవలేకపోయినవారును లోకమున కలరు. అమెరికా దేశపు మనస్తత్వ శాస్త్రజ్ఞులలో అగ్రగణ్యుడైన విలియం జేమ్స్ యౌవనమున అట్టి గోతిలో పడినవాడు. పిమ్మట వెలికివచ్చి, తాను ఎక్కిన మెట్లను శాస్త్రముగా వ్రాసి లోకమునకు, విశేషించి ఉపాధ్యాయులకు, అందించినవాడు.

బాల్యము, విద్య

విలియం జేమ్స్ 1842 వ సంవత్సరము జనవరి 11 వ తేదీన న్యూయార్కు నగరమున జన్మించెను. పితామహుడు ఐర్లండు నుండి వలసవచ్చి, ఆల్బనీ పట్టణమున వర్తకము చేసి గొప్ప ధనము గడించెను. ఆ ధనము పుణ్యమున తండ్రి హెన్రీ జేమ్స్ ఉద్యోగముల జోలికి పోక, మతతత్త్వ విచారమునందును గ్రంథరచనయందును కాలము గడపెను. బాల్యమున జరిగిన అగ్నిప్రమాదము వలన ఆయన ఒక కాలు పోగొట్టుకొనెను. 1844 లో ఇంగ్లండున ఉండగా, భోజనానంతరము ఒంటరిగా కూర్చున్న ఆయనను ఏ కారణమును లేకయే ఒక మహాభయము ఆవహించెను. దానినుండి కోలుకొనుటకు చాలకాలము పట్టెను. నాటికి రెండేండ్ల పసివాడైన విలియమునకు పెద్దవాడైన పిమ్మట ఇట్టి అనుభవమే కలుగనుండెను.

ఐదుగురు సంతానములో విలియం పెద్దవాడు. రెండవవాడైన హెన్రీ సుప్రసిద్ధ నవలాకారుడయ్యెను. కడగొట్టు చెల్లెలు ఆలిస్ ఆయుర్దాయములో చాలభాగము నరముల జబ్బుతో బాధపడి 1892 లో కన్నుమూసెను. ఆమె వ్రాసికొన్న డైరీ మరణానంతరము అచ్చుపడి పేరుపొందెను. తెలివితేటలతోపాటు దిగులును ఆ యింట అందఱకును పంచిపెట్టబడెనని చెప్పవచ్చును.

తండ్రికి ఏ పాఠశాలయు నచ్చెడిది కాదు. న్యూయార్కు, జెనీవా, లండను, పారిస్, బోలోన్, బాన్ నగరములకు బిడ్డలను త్రిప్పి, ఒకచోట కుదురుకొనక మునుపే మఱియొకచోటికి తరలించుచుండెను. దీనివలన విలియమునకు ఫ్రెంచి, జర్మను భాషలు చక్కగా పట్టుబడెను. ఒక పనిని చేపట్టి కడదాక సాగించుట మాత్రము అలవడలేదు. 1860 లో చిత్రకారుడు కావలెనని న్యూపోర్టు పట్టణమున విలియం మారిస్ హంట్ అను చిత్రకారునియొద్ద చేరెను. అనతికాలముననే తనకు ప్రథమశ్రేణి ప్రతిభ లేదని ఎంచి కుంచెను విడిచెను. 1861 లో హార్వర్డున చేరి రసాయనశాస్త్రము మొదలుపెట్టెను. అది విడిచి శరీర నిర్మాణశాస్త్రము పట్టెను. 1864 లో వైద్యకళాశాలలో ప్రవేశించి, మఱుసటి ఏడే దానిని ఆపి, అగాసీ అను ప్రకృతి శాస్త్రజ్ఞుని వెంట బ్రెజిల్ దేశమునకు జంతుసేకరణమునకై వెళ్ళెను. అచట మశూచి సోకి కొంతకాలము కండ్లు బాధించెను. జీవరాసులను ఏఱి జాడీలలో నింపుట తనకు సరిపడు పని కాదనియు, ఆలోచనయే తన స్వభావమనియు అచట ఆయనకు తోచెను.

అమెరికాలో అంతర్యుద్ధము సాగినదియు ఈ సంవత్సరములయందే. తమ్ములిద్దరు సైన్యమున చేరిరి. వారిలో విల్కీ 1863 లో ఫోర్ట్ వాగ్నర్ ముట్టడియందు తీవ్రముగా గాయపడెను. పెద్దవాడైన విలియం యుద్ధమునకు పోలేదు.

చీకటి దినములు

1867 లో ఆరోగ్యము కొఱకును, శరీర ధర్మశాస్త్రము నేర్చుకొనుటకును ఆయన జర్మనీకి వెళ్ళెను. నడుము నొప్పి, కండ్ల బలహీనత, అజీర్తి, నిద్రలేమి ఆయనను విడువలేదు. ప్రాణముపై విరక్తి కలిగి, బ్రతుకుట ఎందులకు అను ప్రశ్న పలుమాఱు ఎదురయ్యెను. తిరిగివచ్చి 1869 లో వైద్యపట్టము పొందెను గాని, వైద్యవృత్తి ఎన్నడును చేయలేదు. ఇరువది ఏడేండ్ల యువకుడు, పట్టము చేతనుండగా, తండ్రి యింట పనిలేక కూర్చుండెను.

ఆయన బాధకు మూలము శరీరమున కొంతయు, ఆలోచనాసరళియందు కొంతయు కలదు. ప్రకృతి యంతయు యంత్రమువలె నియమబద్ధముగా నడచుచున్నదని ఆనాటి విజ్ఞానశాస్త్రము బోధించుచుండెను. మెదడును ఆ యంత్రమున ఒక భాగమే అయినచో, మంచి చేయవలెనని మనుష్యుడు పడు ప్రయాసకు అర్థమేమి? ఈ ప్రశ్నకు సమాధానము దొరకువఱకు ఏ పనియు మొదలుపెట్టరాదని ఆయన భావించెను. పని లేకపోవుటచే ప్రశ్న మఱింత బలపడెను. ప్రశ్న బలపడుటచే పనికి శక్తి మఱింత తగ్గెను. తన మనస్సును పరిశీలించుటలో ఆయన ఏమఱుపాటు చూపలేదు. పరిశీలన యంతయు తనపై తీర్పు చెప్పుటకే వినియోగపడుచుండెను.

1870 మార్చిలో ఆయనకు మిక్కిలి ఆప్తురాలైన మేనత్త కుమార్తె మినీ టెంపుల్ క్షయవ్యాధిచే మరణించెను. ఆమె వయస్సు ఇరువది నాలుగు సంవత్సరములు. ఆ చీకటి దినములలోనే ఒక సంధ్యవేళ ఆయన గదిలోనికి పోగా, మానసిక చికిత్సాలయమున తాను చూచిన ఒక మూర్ఛరోగి రూపము హఠాత్తుగా కన్నుల ఎదుట నిలిచెను. ఆ యువకుడు మోకాళ్ళు గడ్డమునకు తాకునట్లు ముడుచుకొని, కదలక మెదలక కూర్చుండెడివాడు. సమయము కలిసిరాకున్నచో తానును అట్లే కాగలనను భయము జేమ్స్‌ను కంపింపజేసెను. పిమ్మట ఎన్నో దినములు గుండెలో గుబులుతో నిద్రలేచుచుండెను. చీకటిలో ఒంటరిగా పోవుటకు నెలల తరబడి జంకెను. 1902 లో ప్రకటించిన గ్రంథమున ఈ వృత్తాంతమును ఆయన ఒక ఫ్రెంచివాని అనుభవముగా వ్రాసెను. అది తనదేయని తరువాత తన అనువాదకునకు తెలియజేసెను.

ఒక నిశ్చయము

1870 ఏప్రిల్ 30 వ తేదీన ఆయన డైరీలో ఒక నిశ్చయము వ్రాసికొనెను. అంతకు ముందుదినమున షార్ల్ రెనూవియే అను ఫ్రెంచి తత్త్వవేత్త గ్రంథమును చదివియుండెను. వేఱు తలంపులు రాగలిగియున్నను, ఒక తలంపును మనుష్యుడు కోరి నిలుపుకొనగలుగుటయే స్వేచ్ఛకు గుర్తని రెనూవియే అభిప్రాయము. జేమ్స్‌కు ఇందులో ఒక ద్వారము కనబడెను. స్వేచ్ఛ కలదో లేదో తర్కముచే తేలదు. అట్లయినచో స్వేచ్ఛ కలదని నమ్ముటనే తన మొదటి స్వేచ్ఛాకార్యముగా చేసికొందునని ఆయన నిశ్చయించెను. ఆ నమ్మకమునకు మఱుసటి సంవత్సరము వఱకు గడువు పెట్టుకొని, అంతవఱకు తన్ను క్రుంగదీయు తత్త్వవిచారమును మానుటకును, చిన్న చిన్న పనులను క్రమముగా చేయుట అలవఱచుకొనుటకును పూనుకొనెను.

ఈ నిశ్చయముతో బాధ తెల్లవాఱునప్పటికి తొలగెనని కొందఱు కథగా చెప్పుదురు. అది నిజము కాదు. మఱి రెండేండ్లు ఆయన లేచుచు పడుచునే యుండెను. మార్పు స్థిరపడుటకు కారణమైనది ఉపాధ్యాయవృత్తి. పూర్వము రసాయనశాస్త్రము బోధించిన గురువు చార్లెస్ ఎలియట్ హార్వర్డుకు అధ్యక్షుడై, 1872 లో శరీర ధర్మశాస్త్రము బోధించు పనిని జేమ్స్‌కు ఇచ్చెను. 1873 జనవరి నుండి ఆయన తరగతికి పోవసాగెను. గంట కొట్టగానే విద్యార్థుల ఎదుట నిలువవలెను. నిలిచినంతసేపు తన నాడిని తాను చూచుకొనుటకు తీరిక లేదు. ఆ మార్చి నాటికే కుమారుని ముఖమున తేటదనము తండ్రి గమనించెను. మనోవ్యాధి యంతయు శరీరమునుండియే పుట్టవలెనను భావమును విడుచుట తనకు మేలు చేసెనని విలియం తండ్రికి చెప్పెను.

ఆ వసంతమున మరల సందేహములు వచ్చెను. ఒక శీతకాలము ఇటలీలో తమ్ముడు హెన్రీతో గడపెను. అయినను 1874 లో తిరిగివచ్చి బోధన సాగించెను. 1875 లో మనస్తత్వ శాస్త్రమును పాఠ్యవిషయముగా ప్రవేశపెట్టెను. తాను ఏ కళాశాలలోను ఆ శాస్త్రమును చదువుకొనలేదు, చెప్పుచునే నేర్చుకొనెను. 1878 లో బోస్టన్ నగర పాఠశాలయందు ఉపాధ్యాయినియైన ఆలిస్ గిబ్బెన్స్‌ను వివాహమాడెను. దీర్ఘకాలము ఆయన చంచల స్వభావమునకు ఆమె స్థిరమైన ఆధారముగా నిలిచెను.

అలవాట్లు, ఉద్వేగములు

వివాహమాడిన ఏడే హెన్రీ హోల్ట్ అను ప్రచురణకర్తతో మనస్తత్వ శాస్త్ర గ్రంథము వ్రాయుటకు ఒడంబడిక చేసికొనెను. రెండేండ్లలో ముగించుటకు గడువు కోరినవాడు పండ్రెండేండ్లు తీసికొనెను. నడుమ 1885 లో ఏడాదిన్నర పసివాడైన కుమారుడు హెర్మన్ మరణించెను. తుదకు 1890 లో సుమారు 1400 పుటలతో రెండు సంపుటములుగా గ్రంథము వెలువడెను. అది ప్రపంచమున మనస్తత్వ శాస్త్రమునకు పునాదిరాళ్ళలో ఒకటియైనది. ఆలోచనలు విడివిడి ముక్కలుగా కాక, ప్రవాహమువలె ఎడతెగక సాగునని ఆయన అందు వర్ణించెను. నేడు మన సాహిత్యవిమర్శలో వాడుచున్న చైతన్య స్రవంతి అను మాట ఆ వర్ణననుండియే వ్యాప్తికి వచ్చినది.

ఆ గ్రంథమున అలవాటును గూర్చిన అధ్యాయము మిక్కిలి ప్రసిద్ధము. ఒకసారి మడిచిన కాగితము మరల ఆ మడతననుసరించియే సులభముగా మడుగును; పాఱిన నీరు తాను కోసిన కాలువనే వెదకికొనును. మెదడును అట్లే, నడచిన త్రోవనే మరల నడచును. ఇందుండి ఆయన కొన్ని నియమములు తీసెను. క్రొత్త అలవాటును బలమైన సంకల్పముతో, నలుగురకు తెలియునట్లు ప్రారంభింపవలెను. అది వేరూనువఱకు ఒక్క దినమైనను మినహాయింపు ఇవ్వరాదు. చుట్టుచున్న దారపుండ ఒకసారి చేజారినచో ఎన్నో చుట్లు విడిపోవును గదా! చేయవలెనను బుద్ధి పుట్టినంతనే, మొదటి అవకాశమున దానిని పనిగా మార్చవలెను. ప్రతిదినము అవసరము లేకున్నను ఏదో ఒక చిన్న కష్టమైన పని చేసి సంకల్పశక్తిని సాధనలో ఉంచుకొనవలెను. నాటకశాలలో పాత్రల కష్టములకు కన్నీరు కార్చుచు, వెలుపల చలిలో గడ్డకట్టుచున్న తన బండివానిని తలంపని ధనికురాలిని ఆయన ఉదాహరణముగా చూపెను. కార్యముగా మాఱని మంచిభావము మనస్సును బలహీనపఱచునని ఆయన హెచ్చరిక.

ఉద్వేగములను గూర్చియు ఆయన ఒక క్రొత్త సిద్ధాంతమును 1884 లో ప్రకటించెను. ఎలుగుబంటిని చూచి భయపడి, భయపడుటచే పరుగెత్తుదుమని లోకము తలంచును. జేమ్స్ ఈ క్రమమును తాఱుమాఱు చేసెను. చూచినంతనే గుండె కొట్టుకొనుట, కాళ్ళు కదలుట మున్నగు శరీరవికారములు కలుగును. వాని అనుభవమే భయమని ఆయన వాదము. దినమంతయు తలవంచి కూర్చుండి, నిట్టూర్పులు విడుచుచు, నీరసస్వరమున బదులు చెప్పువానిని దిగులు వదలదు. నిటారుగా నిలిచి ఉత్సాహముగా పని చేయువానియొద్ద అది చిరకాలము నిలువజాలదు. మనోభావము మన ఆజ్ఞకు నేరుగా లోబడదు గాని, మన నడవడి కొంతవఱకు లోబడును. ఆ ద్వారమున మనోభావమును చేరవచ్చునని ఆయన బోధించెను.

ఈ సిద్ధాంతము సంపూర్ణము కాదు. భిన్నములైన ఉద్వేగములయందును శరీరవికారములు ఒక్కతీరుగానే కనబడునని 1927 లో వాల్టర్ కానన్ ఆక్షేపించెను. ముఖభంగిమను మార్చికొన్నచో సంతోషము కొంత పెరుగును గాని, ఆ పెరుగుదల స్వల్పమేయని 2022 లో పలుదేశముల శాస్త్రజ్ఞులు కలిసి ప్రకటించిన పరిశోధన తెలిపెను. అయినను, మనస్సు బాగుపడువఱకు వేచియుండక, చిన్న పనులను దినక్రమమున పెట్టి చేయించు పద్ధతి నేడు దిగులు వ్యాధికి చికిత్సలలో ఒకటిగా నిలిచియున్నది. జేమ్స్ తన డైరీలో వ్రాసికొన్న నిశ్చయమునకు ఇది దూరపు చుట్టము కాదు.

ఆయన చెప్పిన మఱియొక విషయము గణితము తెలిసిన బాలురకు సులభముగా బోధపడును. మనుష్యుని ఆత్మతృప్తి ఒక భిన్నము వంటిది. సాధించినది లవము, ఆశించినది హారము. లవమును పెంచినను, హారమును తగ్గించినను ఆ భిన్నము పెరుగును. తనకు సంబంధములేని విద్యలో వెనుకబడితినని ఎవడును కుములడు. తానే పందెము కాచిన విషయమున ఓడినప్పుడే సిగ్గుపడును. కావున తాను ఏ పందెములు కాచియున్నాడో ఎఱుగుట మనశ్శాంతికి మొదటి మెట్టు.

ఉపాధ్యాయులకు, విద్యార్థులకు

1892 లో కేంబ్రిడ్జి పట్టణపు ఉపాధ్యాయులకు ఆయన ఉపన్యాసములిచ్చెను. అవి విద్యార్థులకు చేసిన ప్రసంగములతో కలిసి 1899 లో పుస్తకమయ్యెను. మనస్తత్వ శాస్త్రము తెలిసినంతమాత్రమున ఎవడును మంచి ఉపాధ్యాయుడు కాజాలడనియు, శాస్త్రము వేఱు, బోధనకళ వేఱనియు ఆయన మొదటనే స్పష్టపఱచెను. చెడు ప్రవృత్తిని ఆపుటకు రెండు మార్గములు కలవని చెప్పెను. ఒకటి దానిని అణచుట. రెండవది దానికి మాఱుగా మంచి ప్రవృత్తిని నిలుపుట. ఎల్లప్పుడును వలదు, కూడదు అను మాటలతో అణచబడిన బాలుని మనస్సు లోపల పెనుగులాడుచునే యుండును. ఆసక్తి పుట్టించు పనియందు నియోగింపబడినవానికి నిషేధమే అక్కఱలేదు. తన విషయమునను జేమ్స్ చేసినది ఈ రెండవదియే. దిగులుతో ముఖాముఖి పోరాడి ఆయన దానిని జయింపలేదు. దాని స్థానమున పాఠమును, పరిశోధనను నిలిపెను.

విద్యార్థులకు చెప్పిన మాటలును అట్టివే. ప్రతిదినము చేయవలసిన గంటల పని శ్రద్ధగా చేయువాడు ఫలమును గూర్చి దిగులుపడ నక్కఱలేదు. ఒకనాటి ఉదయమున తాను సమర్థుడైయుండుటను తానే కనుగొనును. పరీక్షకు ముందుదినమున పుస్తకమును విసరి, దానిని గూర్చి తలంపక, ఆటపాటలలో గడపి నిద్రపోవుట మేలని ఆయన సలహా. ఫలితమును గూర్చిన ఆదుర్దా మనస్సు పట్టును సడలించుటకు మాఱు బిగించి పని చెడగొట్టునని ఆయన హేతువు చూపెను.

తన్ను తాను ఎఱిగినవాడు ఇతరులను ఎఱుగుటలో తనకుగల గ్రుడ్డితనమును కూడ ఎఱుగవలెను. ఒకమాఱు ఉత్తర కరోలినా కొండలలో పోవుచు, చెట్లను నఱకి మొద్దులను విడిచిన పొలములను చూచి, ఎంత వికారముగా నున్నవని జేమ్స్ తలంచెను. బండి తోలువాని మాటలు విన్న పిమ్మట, ఆ మొద్దులు అచటి రైతుల కంటికి తమ శ్రమయొక్క విజయచిహ్నములని ఆయనకు తోచెను. తన తీర్పు తన అలవాటునుండి పుట్టినదే గాని, ఆ పొలమునుండి పుట్టలేదు. తరగతి గదిలో వెనుక బల్లపై కూర్చున్న బాలుని గూర్చి తీర్పు చెప్పు ప్రతి ఉపాధ్యాయునకును ఇది స్మరణీయము.

కడపటి సంవత్సరములు

1898 లో అడిరాండాక్ పర్వతములలో చేసిన అధికశ్రమ ఆయన గుండెను దెబ్బతీసెను. ఆ జబ్బుతోనే ఎడింబరోలో 1901, 1902 సంవత్సరములలో మతానుభవములను గూర్చి ప్రసిద్ధోపన్యాసములిచ్చెను. వాని గ్రంథరూపమున స్వామి వివేకానందుని రాజయోగమును ఆయన ప్రస్తావించెను. పుట్టుకతో ఉల్లాసమైన మనస్సు గలవారు కొందఱు, దుఃఖమును దాటిగాని శాంతిని పొందలేనివారు కొందఱు అని మనుష్యులను రెండు తెగలుగా చూపి, రెండవవారి అనుభవమే లోతైనదని ఆయన భావించెను. దిగులు చెందువానిని బలహీనుడని నవ్వుటను ఆయన ఎన్నడును సహింపలేదు. మానసిక చికిత్సాలయములలో తాను పడిన బాధలను క్లిఫర్డ్ బీర్స్ అను యువకుడు 1908 లో పుస్తకముగా ప్రకటింపగా, జేమ్స్ దానిని ప్రోత్సహించి, మానసిక ఆరోగ్యము కొఱకు పుట్టిన ఉద్యమమునకు తోడ్పడెను.

1906 ఏప్రిల్ 18 వ తేదీ వేకువను కాలిఫోర్నియాలో మహాభూకంపము సంభవించినప్పుడు ఆయన స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున నుండెను. మంచము ఊగుచుండగా తనకు కలిగినది భయము కాదనియు, ఒకవిధమైన ఉల్లాసమనియు గమనించెను. ఆనాడే సాన్‌ఫ్రాన్సిస్కో నగరమునకు పోయి ప్రజలను చూచెను. శిథిలములనడుమ పనిలో మునిగినవారు శాంతముగా నుండిరి. దూరమున నుండి వార్తలు వినినవారే ఎక్కువ తల్లడిల్లిరి. చేతికి పని దొరికినచోట దుఃఖము మనుష్యుని ముంచలేదని, ఏబదియేండ్ల క్రిందటి తన డైరీ నిశ్చయమునకు కాకున్నను, ముప్పదియాఱేండ్ల క్రిందటి నిశ్చయమునకు ఆ నగరవీథులలో ఆయనకు సాక్ష్యము లభించెను.

1907 లో ఉద్యోగము విరమించెను. 1909 లో ఫ్రాయిడ్ మహాశయుడు అమెరికాకు వచ్చినప్పుడు ఇద్దఱును కలిసి నడచుచుండగా, జేమ్స్‌కు గుండెనొప్పి వచ్చెను. చేతిసంచిని ఫ్రాయిడ్ చేతికిచ్చి, ముందు నడువుడనియు, నొప్పి తగ్గగానే వచ్చి కలిసికొందుననియు చెప్పెను. ఆ నిబ్బరమును ఫ్రాయిడ్ జీవితాంతము మఱువలేదు. చీకటిలో ఒంటరిగా పోవుటకు జంకిన యువకుడే ఈయన యని ఎవరు తలంతురు?

1910 ఆగస్టు 26 వ తేదీన న్యూ హాంప్‌షైర్ రాష్ట్రమున చొకోరువా గ్రామమందలి తన యింట విలియం జేమ్స్ భార్య చేతులలో ప్రాణము విడిచెను. ఆయన వయస్సు అఱువది ఎనిమిది. ఒక్క సంవత్సరము గడువుతో పూనిన నమ్మకము ఆయనను నలువదేండ్లు నడిపించెను. దిగులు ఆయనను పూర్తిగా ఎన్నడును విడువలేదు; దాని రాకపోకల వేళలు ఎఱిగి, అది వచ్చునప్పటికి తన చేతిలో ఏదో ఒక పని ఉండునట్లు చూచుకొనెను. మనస్సును పరిశీలించువారు ఆయన జీవితమునుండి గ్రహింపవలసినది ఇదియే. లోపమును కనుగొన్ననాడే, ఎంత చిన్నదైనను, దానికి మాఱుగా ఒక మంచి పని మొదలుపెట్టవలెను. ఆ పని రేపటికి వాయిదాపడినచో, ఆత్మపరిశీలన మఱియొక దిగులుగా మిగిలిపోవును.